కరిగే స్టెంట్ వేయించలేదని బాధపడుతున్నారా?

ప్రశ్న: మా నాన్నగారికి 54 ఏళ్లు. పోయిన నెల గుండెపోటు వస్తే 108లో విశాఖలోని ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌కు తీసుకెళ్లాం. ఎన్టీఆర్ వైద్యసేవ కింద స్టెంట్ వేశారు. ఇప్పుడు బంధువులు ‘కొన్నాళ్లకు కరిగిపోయే స్టెంట్లు ఉన్నాయట, డబ్బు పెట్టుంటే అదే వేసేవారు’ అంటున్నారు. ఈ లోహం జీవితాంతం గుండెలో ఉంటే ప్రమాదమా? నాకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.
- ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు (రిటైర్డ్ కార్డియాలజిస్టు, విశాఖపట్నం): అమ్మా, డబ్బు లేక నాన్నగారికి తక్కువ రకం వేయించామన్న ఆలోచన ముందు మనసులోంచి తీసేయండి. మీరు ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేశారు. ఆయన గుండె కండరాన్ని కాపాడింది అదే.

కరిగే స్టెంట్ ఉన్నమాట నిజమే. స్లాబు గట్టిపడ్డాక సెంట్రింగ్ విప్పేసినట్టు, రక్తనాళం మానాక లోపలి ఊతం కూడా మాయమైపోవాలన్నది దాని ఆలోచన. అబాట్ కంపెనీ తెచ్చిన ‘అబ్జార్బ్’ పాలీలాక్టిక్ యాసిడ్ అనే ఒక రకం ప్లాస్టిక్‌తో చేసింది, సుమారు మూడేళ్లలో కరుగుతుంది. యూరప్‌లో 2011లో, అమెరికాలో 2016లో అనుమతి వచ్చింది. నేనూ దాని మీద చాలా ఆశ పెట్టుకున్నాను. నలభై ఏళ్లకే గుండెపోటుతో వచ్చే కుర్రాళ్లను చూసినప్పుడు, వీళ్ల రక్తనాళంలో జీవితాంతం లోహం లేకుండా ఉంటే బాగుండునని అనిపించేది.

చిక్కు దాని మందంలో ఉంది. ప్లాస్టిక్‌కు లోహమంత బలం ఉండదు కాబట్టి తీగలను సుమారు 150 మైక్రాన్ల మందంతో చేయాల్సి వచ్చింది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). ఇప్పటి లోహపు స్టెంట్ తీగ దాదాపు 80 మైక్రాన్లే. లావుపాటి తీగ రక్తం పారే దారిలోకి పొడుచుకొస్తుంది, అక్కడ గడ్డ కట్టే అవకాశం పెరుగుతుంది. గుండెపోటు సమయంలో ఇంకో ఇబ్బంది ఉంది. అప్పుడు రక్తనాళం ముడుచుకుని, గడ్డతో నిండి ఉంటుంది. అసలు కొలత స్క్రీన్ మీద సరిగ్గా తేలదు. లోహపు స్టెంట్‌నైతే తర్వాత బెలూన్‌తో ఇంకాస్త వెడల్పు చేయొచ్చు. ప్లాస్టిక్ దాన్ని హద్దు దాటి సాగదీస్తే విరుగుతుంది.

నెదర్లాండ్స్‌లో 1,845 మంది మీద చేసిన అధ్యయనం 2017లో వచ్చింది. అందులో గుండెపోటు రోగులూ ఉన్నారు. రెండేళ్లలో గడ్డ కట్టడం కరిగే స్టెంట్ వేసినవాళ్లలో 3.5 శాతం, లోహపు స్టెంట్ వేసినవాళ్లలో 0.9 శాతం. ఆ ఏడాది సెప్టెంబరులోనే అబ్జార్బ్ అమ్మకాలు ఆపేశారు. అబ్జార్బ్ కాక మెగ్నీషియంతో చేసినవి, మన గుజరాత్ కంపెనీ 100 మైక్రాన్ల తీగతో చేసినది కూడా వచ్చాయి. ప్రయత్నాలు ఆగలేదు, ఆగకూడదు కూడా. కానీ గుండెపోటుతో వచ్చిన మనిషికి ఇప్పటికి లోహపు స్టెంటే నమ్మకమైనదని నా అభిప్రాయం.

డబ్బు సంగతికొస్తే, 2017 ఫిబ్రవరిలో కేంద్రం ధరలకు పరిమితి పెట్టినప్పుడు మందు పూసిన లోహపు స్టెంట్‌కూ, కరిగే స్టెంట్‌కూ ఒకే ధర పెట్టింది: 29,600 రూపాయలు. ఈ మాట మీ బంధువులకు చెప్పండి.

లోహం గురించి భయం వద్దు. కొన్ని నెలల్లో రక్తనాళపు లోపలి పొర దాని మీద పెరిగి కప్పేస్తుంది. ఆ పొర పూర్తిగా పెరిగేదాకా గడ్డ కట్టకుండా కాపాడేవి ఆస్పిరిన్, దానికి తోడుగా ఇచ్చే టికాగ్రెలార్ లేదా క్లోపిడోగ్రెల్ లాంటి రెండో మాత్ర. మామూలుగా ఏడాది పాటు రెండూ వాడాలి. పన్ను పీకించుకోవాలన్నా, ఇంకే చిన్న ఆపరేషన్ ఉన్నా, గుండె డాక్టర్‌ను అడగకుండా ఒక్క రోజు కూడా ఆపకండి. టికాగ్రెలార్‌తో కొందరికి ఆయాసంగా అనిపిస్తుంది. నాన్నగారు అలా అంటే మాత్ర మానిపించకుండా వెంటనే డాక్టర్‌కు చూపించండి, అవసరమైతే వేరే మందు రాస్తారు.