మంచం ఇంట్లో దిగకముందే చదువు

అమ్మీ,

మీ అత్తగారిని ఆసుపత్రి నుంచి సోంపేట తెచ్చేశారనీ, రెండు పక్కలా రెయిలింగ్ ఉన్న మంచం అద్దెకు మాట్లాడారనీ మీ అమ్మ చెప్పింది. వృద్ధాశ్రమంలో ఏళ్ల తరబడి రాత్రి డ్యూటీలు చేసినదాన్ని, నా మాట కాస్త విను.

రెయిలింగ్ ఉంటే పడిపోరని అందరి ధీమా. ఆవిడలా మతిమరుపు ఉన్నవాళ్లకి అదే ప్రమాదం. అర్ధరాత్రి లేవాలనిపిస్తే దాని మీద నుంచి దాటబోయి, ఇంకా ఎత్తు నుంచి పడతారు. అంతకంటే ఘోరం, పరుపుకీ రెయిలింగుకీ మధ్య సందులో తలో మెడో ఇరుక్కోవడం. అమెరికాలో 1985 నుంచి 2009 మొదటి వరకు ఇలాంటి 803 ఘటనలు అక్కడ మందులు, వైద్య పరికరాల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ దృష్టికి వచ్చాయి. 480 మంది చనిపోయారు. ఊచల మధ్య ఖాళీ 12 సెంటీమీటర్ల లోపే ఉండాలని ఆ సంస్థ 2006లో సూచించింది. టేపు పెట్టి కొలువు. పుండ్లు పడకుండా గాలి పరుపు వేస్తారేమో, దాని అంచు మీద బరువు పడితే అణిగిపోయి సందు పెద్దదవుతుంది.

నన్నడిగితే రెయిలింగ్ వద్దు. మంచం ఎంత కిందికి దిగితే అంత దించి, చక్రాలకు బ్రేకులు వెయ్యి. ఆవిడ నడవగలరు కాబట్టి దిగే చోట బొంత పరవకు, కాలికి అడ్డం పడుతుంది. తువ్వాలుతో మంచానికి కట్టేద్దామని ఎవరన్నా ఒప్పుకోకు తల్లీ. గింజుకుంటే ఊపిరాడక ప్రాణం మీదికి వస్తుంది.

అసలు ఎందుకు లేస్తున్నారో కనిపెట్టు. నేను చూసినంతలో ఎక్కువగా మూత్రం కోసమే. పడుకునే ముందు బాత్రూముకి తీసుకెళ్లు, దారిలో చిన్న లైటు వెలగనివ్వు. నీరు తీసే మాత్ర వాడుతుంటే పొద్దున్నే వేయొచ్చేమో డాక్టరుగారిని అడుగు. మీ మావగారికీ పలాసలో డయాలసిస్ అయిన రోజు బీపీ పడిపోయే అవకాశం ఉంది. ఆయన్ని గబుక్కున లేవనివ్వకు. రెండు నిమిషాలు మంచం అంచున కూర్చున్నాకే నిలబడాలి.

దోమల కాయిల్ మంచం కింద పెట్టకు. దుప్పటి అంచు తగిలిందంటే అంటుకుంటుంది.

కొలతలు తీశాక ఫోన్ చెయ్యి. సందు ఎక్కువుంటే ఆ మంచం వెనక్కి పంపించెయ్యమని మీ ఆయనతో నేనే మాట్లాడతాను.

మీ పెద్దమ్మ