పాఠకుల ప్రశ్నలు: ప్రహరీ గోడకు సామాను లెక్క ఎలా వేయాలి?

ప్రశ్న: సార్, మా స్థలానికి ముందు వైపు 60 అడుగుల పొడవు, 6 అడుగుల ఎత్తున సిమెంట్ బ్లాకులతో ప్రహరీ కట్టించాలనుకుంటున్నాం. అందులో 10 అడుగులు గేటుకు పోతాయి. బ్లాకులు ఎన్ని పడతాయో నేనే లెక్కేసి, ధరతో గుణించి, దానికి మేస్త్రీ కూలి కలుపుకున్నాను. కాంట్రాక్టర్ చెప్పిన మొత్తం దానికి రెండింతలు దాటింది. అతను ఎక్కువ చెబుతున్నాడా, నా లెక్కే తప్పా? ఒకటే టెన్షన్‌గా ఉంది.

జవాబు: కాంట్రాక్టర్‌ని అనుమానించే ముందు ఒకసారి మీ గోడని కింద నుంచి పైదాకా కలిసి లెక్కేద్దాం. మీరు లెక్కేసింది నేల పైన కనిపించే గోడ ఒక్కటే అనిపిస్తోంది, ఖర్చులో పెద్ద భాగం నేల కిందా, ప్లాస్టింగ్‌లోనూ ఉంటుంది.

ముందు బ్లాకులే చూద్దాం. 16 అంగుళాల పొడవు, 8 అంగుళాల ఎత్తు బ్లాక్ అయితే, మాల్ (సిమెంట్, ఇసుక, నీళ్లు కలిపిన ముద్ద) మందంతో కలిపి 100 చదరపు అడుగులకు 112 లేదా 113 పడతాయి. గేటు తీసేస్తే మీ గోడ 50 అడుగులు, ఎత్తు 6 అడుగులు, అంటే 300 చదరపు అడుగులు, 338 బ్లాకులు. ఇంకోలా సరిచూసుకోండి: 6 అడుగులంటే 72 అంగుళాలు, సరిగ్గా 9 వరసలు, వరసకు 37న్నర బ్లాకులు, అదే లెక్క వస్తుంది. విరిగేవీ, మూలల్లో కోసేవీ ఉంటాయి కాబట్టి 5 శాతం కలిపి 355 చెప్పండి. ఈ 5 శాతం దగ్గర పీనాసితనం వద్దు. మేం ఒక గోడకు లెక్క సరిగ్గా తెప్పించి చివరి వరసలో 12 బ్లాకులు తగ్గాయి, మళ్లీ తెప్పిస్తే ఆ లోడు బ్లాకుల ఎత్తు కాస్త తేడా, ఆ వరస అంతా మాల్‌తో సర్దాల్సి వచ్చింది. అన్నట్టు, కొనే ముందు ఒక బ్లాక్‌ని టేపు పెట్టి కొలవండి. మాల్‌కి అర అంగుళం లోపు వదిలి తయారు చేసేవి ఉంటాయి, పూర్తి 16 అంగుళాలు ఉండేవీ ఉంటాయి, పూర్తి సైజువైతే చదరపు అడుగుకు కాస్త తక్కువే పడతాయి.

ఇక నేల కింద. గేటు ఉన్నా పునాది మాత్రం 60 అడుగులూ వెళ్లాలి. కందకంలో అడుగున్నర వెడల్పు, 4 అంగుళాల మందం బెడ్ కాంక్రీట్ (పునాది అడుగున పరిచే పొర) వేస్తే 30 ఘనపుటడుగులు. దాని మీద, నేల కిందే, 8 అంగుళాల మందం బ్లాకులు రెండు వరసలు కడితే 90 బ్లాకులు, ఇవి మీ లెక్కలో లేనే లేవు. ఆపైన 9 అంగుళాల చదరపు ప్లింత్ బీమ్ (పునాది మీద, గోడ కింద పొడవునా వెళ్లే కాంక్రీట్ దూలం), దాదాపు 34 ఘనపుటడుగుల కాంక్రీట్. అందులో 10 ఎంఎం ఇనుప చువ్వలు నాలుగు, వాటిని చుట్టి పట్టుకునే 8 ఎంఎం రింగులు 8 అంగుళాలకొకటి చొప్పున వేస్తే ఇనుము 80 కిలోల దాకా వస్తుంది. ఇవన్నీ లెక్క చూపించడానికి తీసుకున్న కొలతలే. పునాది ఎంత లోతు వెళ్లాలన్నది నేలే చెప్పాలి, బంకమట్టి అయితే ఇంజనీర్‌ని అడగకుండా తవ్వకం మొదలుపెట్టొద్దు.

సిమెంట్ దగ్గర మీకు ఆశ్చర్యం వేస్తుంది. తడి మాల్ ఎంత కావాలో దాన్ని 1.33తో గుణిస్తే పొడి సామాను వస్తుంది, కాంక్రీట్‌కి అయితే 1.54. 50 కిలోల బస్తా దాదాపు 1.23 ఘనపుటడుగులు. 6 అంగుళాల మందం గోడకు, 1:6 (ఒక పాలు సిమెంట్, ఆరు పాళ్లు ఇసుక) మాల్‌తో, కింద పడేదంతా కలిపి గోడ ఘనపరిమాణంలో పదో వంతు మాల్ అనుకుంటే, పైన గోడకి రెండున్నర బస్తాలు, నేల కింద వరసలకి ఇంకొకటి లోపు. బెడ్ కాంక్రీట్ 1:4:8 (సిమెంట్, ఇసుక, కంకర) అయితే 3 బస్తాలు, బీమ్ 1:1.5:3 అయితే దాదాపు 8. రెండు వైపులా ప్లాస్టింగ్ 600 చదరపు అడుగులు, 15 ఎంఎం మందం, 1:5 కలిపితే, వృథాకి 20 శాతం కలుపుకుని ఆరున్నర బస్తాలు, ఇసుక 40 ఘనపుటడుగులు. మొత్తం 20 బస్తాలు దాటుతుంది, వాటిలో బ్లాకుల మధ్యకి వెళ్లేది మూడు బస్తాల పైచిలుకే!

ఇంకా పిల్లర్లు ఉన్నాయి, పది అడుగులకొకటి అనుకుంటే గేటుకి రెండు వైపులా గోడ ఎలా పంచుకుంటుందో దాన్నిబట్టి ఏడెనిమిది వస్తాయి. గేటు బరువు మోసే రెండూ లావుగా ఉండాలి, వాటి కింద పునాది కూడా. వాటికి సెంట్రింగ్ (కాంక్రీట్ పోయడానికి కట్టే చెక్క లేదా ఇనుప అచ్చు), తవ్వకం కూలి, సామాను దించే ఖర్చు, క్యూరింగ్‌కి (కట్టింది గట్టిపడేదాకా తడిపి ఉంచడానికి) నీళ్లు, రంగులు, పైన కోపింగ్ (గోడ తలమీద వేసే కప్పు) కూడా ఉంటాయి. మీ మొత్తానికి రెండింతలు రావడంలో నాకు వింత కనిపించడం లేదు. అయినా ఒకే అంకె చెప్పిన కొటేషన్‌కి మాత్రం ఒప్పుకోవద్దు. పునాది లోతు, పిల్లర్ల సంఖ్య, చువ్వ సైజు, ప్లాస్టింగ్ ఒక వైపా రెండు వైపులా అన్నది విడివిడిగా రాయించుకుని, పైన వేసిన లెక్క పక్కన పెట్టుకుని చూడండి. కూలి చదరపు అడుగుకు అయితే గేటు ఖాళీ తీసేసి లెక్కిస్తారా లేదా అన్నది ముందే తేల్చుకోండి.

ప్రశ్న: ఇసుక లెక్క ప్రకారమే తెప్పించాం, అయినా మధ్యలో అయిపోయింది. లోడులో మోసం జరిగిందా?

జవాబు: జరిగి ఉండొచ్చు, కానీ ముందు ఇసుక తడిగా వచ్చిందా చూడండి. కొద్దిగా తడి ఉన్న ఇసుక ఉబ్బుతుంది, సన్న ఇసుక అయితే 20 శాతం పైగా కూడా. గాజు గ్లాసులో ఆ ఇసుక పోసి ఎత్తు గుర్తుపెట్టుకోండి, తీసేసి సగం దాకా నీళ్లు పోసి, ఇసుక మళ్లీ అందులో వేసి కలిపి సర్దుకోనివ్వండి. 6 అంగుళాలది 5కి దిగితే 20 శాతం ఉబ్బు ఉన్నట్టు, మీకు కావాల్సినదానికి అంత కలిపి తెప్పించాలి. మాల్ కలిపే డబ్బా కొలతల్లో కూడా ఇదే గుర్తుంచుకోవాలి, లేకపోతే ఇసుక తక్కువ పడి సిమెంట్ ఎక్కువ ఖర్చవుతుంది.

ప్రశ్న: ఇటుకల్లాగే బ్లాకులు కూడా నీళ్లలో నానబెట్టాలా?

జవాబు: వద్దు. నానిన కాంక్రీట్ బ్లాక్ తర్వాత ఆరేటప్పుడు ముడుచుకుని గోడలో పగుళ్లు తెస్తుంది. మరీ ఎండలో కాలిపోతుంటే మాల్ పెట్టే ముఖం మీద కాస్త చిలకరిస్తే చాలు, వాన పడేలా ఉంటే బ్లాకుల మీద పట్టా కప్పి ఉంచండి.