పేషెంట్ పోర్టల్లో షుగర్ లెక్కలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఆస్పత్రి ఇచ్చిన పేషెంట్ పోర్టల్లో లాగిన్ అయితే ల్యాబ్ రిపోర్టులు, మందుల జాబితా, డాక్టరుకు మెసేజ్ పంపే పెట్టె అన్నీ ఒకచోటే ఉంటాయి. టైప్ 2 షుగర్ ఉన్నవాళ్ళకు ఇది నిజంగా పనికొచ్చే సాధనం. ఎలా వాడాలన్నది మాత్రం ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. ఈసారి వచ్చిన ప్రశ్నలన్నీ దాని గురించే.

ప్రశ్న: మూడేళ్ళుగా షుగరుకు మందులు వాడుతున్నాను. మొన్న పోర్టల్ తెరిస్తే హెచ్‌బిఏ1సి 6.8 అని, పక్కనే ఎర్రగా 'ఎక్కువ' అని ఉంది. పోయినసారి డాక్టరు గారు ఏడు లోపు ఉంటే చాలన్నారు. ఇంకా ఆయన దగ్గర్నుంచి కబురు లేదు. కంగారు పడాలా?

జవాబు: అక్కర్లేదు. ఆ ఎర్ర గుర్తు పెట్టింది డాక్టరు కాదు, ల్యాబ్ సాఫ్ట్‌వేర్. హెచ్‌బిఏ1సి అంటే గత రెండు మూడు నెలల సగటు షుగరును శాతంలో చెప్పే రక్తపరీక్ష. షుగర్ లేని మనిషికి అది 5.7 లోపు ఉండాలి. ఆ హద్దు దాటిన ప్రతి అంకె పక్కనా గుర్తు పడుతుంది. మీకు షుగర్ ఉందనీ, మీ లక్ష్యం 7 లోపు అనీ దానికి తెలియదు. పరగడుపు షుగరుకూ ఇంతే. ల్యాబ్ హద్దు 99 మిల్లీగ్రాములు. షుగర్ ఉన్న చాలామంది పెద్దవాళ్ళకు పెట్టే లక్ష్యం 80 నుంచి 130. అందుకే 118 వచ్చినా ఎర్ర గుర్తు కనిపిస్తుంది. బాగా వయసు మళ్ళినవాళ్ళకు, తరచూ షుగర్ పడిపోయేవాళ్ళకు హెచ్‌బిఏ1సి లక్ష్యాన్ని డాక్టర్లు 8 దాకా సడలిస్తారు. కాబట్టి మీ లక్ష్యం ఎంతో అడిగి తెలుసుకుని, అంకెను దాంతో పోల్చుకోండి.

మాకు అంతకన్నా ముఖ్యంగా తోచేది ఇంకొకటి ఉంది. గుర్తు పడని అంకెల్ని ఎవరూ చూడరు. కిడ్నీల వడపోతను చెప్పే ఇజిఎఫ్ఆర్ రెండేళ్ళలో 95 నుంచి 68కి జారినా, 60కి పైనే ఉంది కనుక చాలా పోర్టళ్ళలో గుర్తు పడదు. ఆ పరీక్ష పేరు మీద నొక్కితే పాత విలువలన్నీ గ్రాఫ్‌గా వస్తాయి. హెచ్‌బిఏ1సి, ఇజిఎఫ్ఆర్, ఎల్‌డిఎల్ (చెడు కొలెస్ట్రాల్) మూడింటికీ ఆ గ్రాఫ్ తెరిచి చూడండి. గీత కిందికి వాలుతోందా, పైకి లేస్తోందా అన్నది ఒక్క రిపోర్టులో తెలియదు.

యూనిట్లు కూడా చూసుకోవాలి. కొన్ని ల్యాబులు హెచ్‌బిఏ1సిని శాతంలో కాక మిల్లీమోల్స్‌లో ఇస్తాయి. అక్కడ 53 అంటే 7 శాతమే. రక్తంలో గ్లూకోజు 7.0 మిల్లీమోల్స్ అని ఉంటే 18తో గుణించండి, 126 మిల్లీగ్రాములు. ఇక కబురు సంగతి: చాలాచోట్ల ల్యాబ్ ఫలితం డాక్టరు చూడకముందే నేరుగా పోర్టల్లోకి వచ్చేస్తుంది. వారం దాటినా మాట లేకపోతే, 'ఫలితం చూశారా, మందులు ఇలాగే వాడనా?' అని ఒక్క వాక్యం పంపండి.

ప్రశ్న: నెల రోజుల రీడింగులన్నీ పోర్టల్లో పంపితే, 'ఇలాగే కొనసాగించండి' అని ఒక్క ముక్క జవాబు వచ్చింది. పరగడుపు షుగర్ తగ్గడం లేదు. నేను రాసింది ఎవరైనా చదివారో లేదో!

జవాబు: చదివే ఉంటారు. కానీ అందులో వాళ్ళు నిర్ణయం తీసుకోవడానికి పట్టు దొరికి ఉండదు. '152, 168, 141, 170...' అని ముప్పై అంకెలు వరసగా పంపితే ఏది ఏ పూటదో, దేని తర్వాతదో తెలియదు. ఎప్పుడు చూశారో తెలియని అంకెను పట్టుకుని ఏ డాక్టరూ మందు మార్చరు. మెసేజ్ ఇలా ఉంటే జవాబు వేరుగా వస్తుంది:

*విషయం: 10 రోజులుగా పరగడుపు షుగర్ ఎక్కువ. మందు మార్చాలా?*
*వాడేవి: మెట్‌ఫార్మిన్ 1000 మి.గ్రా. ఉదయం, రాత్రి. గ్లిమెపిరైడ్ 1 మి.గ్రా. ఉదయం. ఒక్క పూటా మానలేదు.*
*పరగడుపున, గత 10 రోజులు: 148–176. అంతకు ముందు నెల: 115–130.*
*పడుకునే ముందు (4 రోజులు చూశాను): 186, 192, 178, 190.*
*70 కన్నా తగ్గినవి: లేవు.*
*మారింది: 2 వారాలుగా పని వేళలు మారి, రాత్రి భోజనం 8కి బదులు 10కి చేస్తున్నాను.*
*నా ప్రశ్న: భోజనం వేళ మార్చుకుంటే సరిపోతుందా, మందు మార్చాలా?*

ఇందులో ప్రాణం పడుకునే ముందు చూసిన ఆ నాలుగు అంకెలు. రాత్రే 186 ఉండి పొద్దున 165 ఉంటే, తెల్లవారేసరికి షుగర్ పెరగలేదు, రాత్రి భోజనం మిగిల్చిందే అలా ఉండిపోయింది. అదే పడుకునేటప్పుడు 120 ఉండి పొద్దున 165 ఉంటే, తెల్లవారుజామున కాలేయం వదిలే గ్లూకోజు ఎక్కువైందన్నమాట. పరగడుపు అంకె ఒకటే, కారణాలు రెండు, చెయ్యాల్సిన పని కూడా వేరు. పరగడుపు రీడింగులు మాత్రమే పంపితే ఈ తేడా ఎవరికీ కనిపించదు. అందుకే మెసేజ్ పంపేముందు మూడు నాలుగు రోజులు జతలుగా చూడండి: పడుకునే ముందు, మర్నాడు పరగడుపున. లేదా భోజనానికి ముందు, తినడం మొదలుపెట్టిన రెండు గంటలకు. ఆ రెండో అంకె 180 లోపు ఉండాలన్నది చాలామందికి పెట్టే లక్ష్యం. రోజుకో భోజనం చొప్పున మార్చి చూస్తే స్ట్రిప్పులు కూడా వృథా కావు.

మీటరును ఫోన్ యాప్‌కు కలిపి పోర్టల్లోకి రీడింగులు పంపేవాళ్ళు ఇంకో విషయం గమనించాలి. మీటరు బ్యాటరీ మార్చాక గడియారం తప్పిపోవడం మామూలే. ఉదయం, సాయంత్రం తారుమారైతే పొద్దున 7 గంటల పరగడుపు రీడింగు సాయంత్రం 7 గంటలదిగా పోర్టల్లో చేరుతుంది. దాన్ని నమ్మి ఎవరైనా రాత్రి ఇన్సులిన్ పెంచితే నిద్రలో షుగర్ పడిపోయే ప్రమాదం ఉంది. అప్‌లోడ్ చేసే ప్రతిసారీ మీటరు తేదీ, సమయం ఫోనుతో సరిచూడండి. ఇంట్లో ఇద్దరు ఒకే మీటరు వాడుతుంటే ఇద్దరి అంకెలూ ఒకరి ఖాతాలోకే వెళ్తాయి. అది మరీ ప్రమాదం. ఎవరి మీటరు వాళ్ళకు ఉండాల్సిందే. వేలికి తీపి అంటుకుని ఉన్నా అంకె ఎగిరి కూర్చుంటుంది. చెయ్యి కడుక్కుని, పూర్తిగా ఆరాక మళ్ళీ చూసి, రెండో అంకెనే పంపండి.

రోజంతా షుగర్ చూస్తుండే సెన్సర్ చేతికి పెట్టుకునేవాళ్ళయితే అంకెలు ఏరి రాయనక్కర్లేదు, 14 రోజుల రిపోర్టు జత చేస్తే చాలు. 70–180 మధ్య గడిపిన సమయం 70 శాతం దాటిందా, 70 కన్నా కింద ఉన్న సమయం 4 శాతం లోపే ఉందా అన్నవే డాక్టరు ముందుగా చూసేవి. ఆ 14 రోజుల్లో సెన్సర్ కనీసం 70 శాతం సమయం పనిచేసి ఉండాలి.

ప్రశ్న: యాప్ నా నెల సగటు 132 అంటోంది. పోర్టల్లో హెచ్‌బిఏ1సి 7.9 వచ్చింది. ఏది నిజం?

జవాబు: హెచ్‌బిఏ1సిని 28.7తో గుణించి 46.7 తీసేస్తే సగటు గ్లూకోజు వస్తుంది. 7.9కి అది సుమారు 180. అంటే మీ రెండు లెక్కలకూ మధ్య దాదాపు 48 తేడా ఉంది, ఇది చిన్నది కాదు. ముందు అనుమానించాల్సింది మీరు చూసిన వేళల్ని. పొద్దున పరగడుపున మాత్రమే చూస్తే ఆ సగటు పరగడుపుదే తప్ప రోజంతటిదీ కాదు. హెచ్‌బిఏ1సి మాత్రం రెండు మూడు నెలల రాత్రింబవళ్ళను లెక్కలోకి తీసుకుంటుంది. రెండు వారాలు భోజనం తర్వాత కూడా చూస్తే చాలామందికి ఈ చిక్కు విడిపోతుంది.

విడకపోతే అదే పోర్టల్లో మీ రక్తపరీక్ష తెరిచి హిమోగ్లోబిన్ చూడండి. ఇనుము లోపం వల్ల రక్తహీనత ఉంటే హెచ్‌బిఏ1సి ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది. ఈ మధ్య బాగా రక్తం పోయినా, ఎక్కించుకున్నా తక్కువగా కనిపించవచ్చు. పుట్టుకతో వచ్చే హిమోగ్లోబిన్ తేడాలు కూడా కొన్ని పద్ధతుల్లో లెక్క తప్పిస్తాయి. అలాంటప్పుడు 'నా మీటరు సగటుకూ హెచ్‌బిఏ1సికీ పొంతన లేదు, హిమోగ్లోబిన్ తక్కువగా ఉంది, ఫ్రక్టోసమిన్ పరీక్ష అవసరమా?' అని రాయండి. అది గత రెండు మూడు వారాల సగటును చెబుతుంది, హిమోగ్లోబిన్‌తో దానికి సంబంధం లేదు.

ప్రశ్న: మా అమ్మకు చూపు మందగించింది. ఆమె పాస్‌వర్డుతో నేనే లాగిన్ అయి డాక్టరు గారికి రాస్తున్నాను. తప్పా?

జవాబు: మీ ఉద్దేశం మంచిదే, దారి మాత్రం మార్చుకోండి. ఆమె ఖాతా నుంచి 'నిన్న కళ్ళు తిరిగాయి' అని వెళ్తే, అది ఆమె స్వయంగా చెప్పిందో మీరు చూసి చెప్పిందో డాక్టరుకు తెలియదు. చాలా పోర్టళ్ళలో కుటుంబసభ్యులకు విడిగా అనుమతి ఇచ్చే ఏర్పాటు ఉంటుంది. సెట్టింగుల్లోగానీ ఆస్పత్రి రిసెప్షన్‌లోగానీ ఫారం దొరుకుతుంది, అమ్మగారు సంతకం చేస్తే చాలు. అప్పుడు మీ పేరు మీదే లాగిన్ అవుతారు. ఏవి మీకు కనిపించాలో ఆమె నిర్ణయించుకోవచ్చు, కావాలంటే తర్వాత రద్దూ చేసుకోవచ్చు. అది వచ్చేదాకా ప్రతి మెసేజ్ మొదట్లో 'ఇది రాస్తున్నది వారి అబ్బాయిని' లేదా 'అమ్మాయిని' అని పెట్టండి. పనిలో పనిగా ఓటీపీ వెళ్ళే ఫోన్ నంబరు ఇప్పటిదేనా అని చూడండి. నంబరు మారిన సంగతి అవసరం పడ్డ రోజునే బయటపడుతుంటుంది. ఓటీపీ చెప్పమని ఎవరు ఫోన్ చేసినా, ఆస్పత్రి పేరు చెప్పినా సరే, చెప్పకండి.

చూపు మందగించిందన్నారు. ఆఖరిసారి రెటీనా పరీక్ష ఎప్పుడు జరిగిందో పోర్టల్లో వెతకండి. ఏడాది దాటితే అపాయింట్‌మెంట్ అడగండి. చూపు ఉన్నట్టుండి తగ్గినా, కంటి ముందు నల్లటి తెరలా కదిలినా పోర్టల్‌తో పని పెట్టుకోకుండా అదే రోజు కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.

ప్రశ్న: మూత్రపరీక్షలో అల్బుమిన్–క్రియాటినిన్ నిష్పత్తి 42 అని వచ్చింది. కిడ్నీలు పాడైనట్టేనా?

జవాబు: ఒక్క పరీక్షతో అలా అనరు. ఇది మూత్రంలోకి అల్బుమిన్ అనే ప్రొటీన్ ఎంత కారుతోందో చెప్పే లెక్క. 30 లోపు మామూలు. ముందురోజు బాగా వ్యాయామం చేసినా, జ్వరం, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా, నెలసరి సమయంలో ఇచ్చినా పెరుగుతుంది. మూడు నుంచి ఆరు నెలల్లో చేసిన మూడు పరీక్షల్లో రెండు ఎక్కువ వస్తేనే ఖాయం చేస్తారు. మళ్ళీ ఎప్పుడు ఇవ్వాలో ఇవాళే మెసేజ్ పెట్టి అడగండి. వదిలేస్తే మాత్రం తొలిదశలో పట్టుకునే అవకాశం చేజారుతుంది.

ప్రశ్న: అర్ధరాత్రి షుగర్ 52కి పడిపోయింది. పోర్టల్లో రాశాను, జవాబు రెండు రోజులకు వచ్చింది. ఇదేం పద్ధతి?

జవాబు: మీ భయం మాకు అర్థమైంది. కానీ పోర్టల్ పెట్టెను రాత్రిపూట ఎవరూ చూస్తూ కూర్చోరు. జవాబుకు ఒకటి నుంచి మూడు పనిదినాలు పట్టడం మామూలే. 70 కన్నా తగ్గగానే 15 గ్రాముల గ్లూకోజు తీసుకుని, 15 నిమిషాలకు మళ్ళీ చూడాలి. ఇంకా తక్కువే ఉంటే మళ్ళీ తీసుకోవాలి. మనిషి మగతగా ఉండి మింగలేకపోతే నోట్లో ఏమీ పొయ్యకుండా అంబులెన్స్ పిలవాలి. షుగర్ 300 దాటి వాంతులవుతున్నా, ఛాతీలో నొప్పి వచ్చినా, కాలి పుండు చుట్టూ ఎరుపు పాకినా ఫోన్ చెయ్యాలి లేదా ఆస్పత్రికి వెళ్ళాలి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మందులు వాడేవాళ్ళకు ఇంకో హెచ్చరిక: వాంతులు, ఆయాసం, కడుపునొప్పి ఉంటే మీటరులో 180 చూపించినా కీటోయాసిడోసిస్ (రక్తంలో ఆమ్లాలు పేరుకుపోయే ప్రమాదకర స్థితి) కావచ్చు, అంకె చూసి ఊరుకోకూడదు.

అయితే ప్రమాదం గడిచాక మర్నాడు పోర్టల్లో తప్పకుండా రాయండి: ఎన్ని గంటలకు, ఎంత, రాత్రి ఏ మందు ఎంత వేసుకున్నారు, భోజనం చేశారా లేదా. 54 కన్నా తగ్గిందంటే మందుల మోతాదును మళ్ళీ చూడాల్సిందే.

ప్రశ్న: పోర్టల్ జాబితాలో గ్లిమెపిరైడ్ రెండుసార్లు కనిపిస్తోంది, ఒకటి కంపెనీ పేరుతో, ఒకటి అసలు పేరుతో. రెండూ వేసుకోవాలా?

జవాబు: డాక్టరును అడగకుండా రెండూ వేసుకోకండి. ఆస్పత్రి మారినప్పుడో, బ్రాండు మార్చినప్పుడో పాత వరస తీసెయ్యకపోతే ఇలా జరుగుతుంది. ఈ మందు రెట్టింపు పడితే షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది. ఇప్పటికే రెండూ వేసుకుంటుంటే మెసేజ్‌తో సరిపెట్టక ఇవాళే ఫోన్ చెయ్యండి. మీ దగ్గరున్న మందుల పట్టీలన్నీ బల్ల మీద పేర్చి, పట్టీ మీద చిన్న అక్షరాల్లో ఉండే అసలు పేరునూ మోతాదునూ జాబితాలోని ప్రతి వరసతో సరిచూడండి. వాడనివీ, జాబితాలో లేకుండా వాడుతున్నవీ రాసి పంపండి. విటమిన్లు, నొప్పి మాత్రలు కూడా చేర్చాలి. మందు అయిపోవడానికి కనీసం వారం ముందే రీఫిల్ అడగండి. జాబితాలో తప్పు ఉంటే రీఫిల్ కూడా ఆ తప్పుతోనే వస్తుంది, కాబట్టి ముందు దాన్ని సరిచేయించండి.