సెల్లార్‌లో కారు మునిగింది, ఎఫ్‌డీ తీయాలా?

ప్రశ్న: హైదరాబాద్‌లో సరూర్‌నగర్ చెరువుకు దిగువన మాకు గ్రౌండ్ ఫ్లోర్ ఫ్లాటు ఉంది, దానిపై హోమ్ లోన్ నడుస్తోంది. మొన్న సాయంత్రం ఉరుములతో కురిసిన వానకు సెల్లార్‌లో కారు మునిగింది, ఇంట్లో ఫ్రిజ్, మంచాలు పాడయ్యాయి. బాగు చేయించుకోవడానికి 3 లక్షల ఎఫ్‌డీని రద్దు చేయాలా, పర్సనల్ లోన్ తీసుకోవాలా? ఇంటికి బీమా అవసరమా?

జవాబు: ఆ రెండింటి కంటే ముందు మీ కారు పాలసీని తీసి చూడండి. అందులో థర్డ్ పార్టీ (మీ కారు వల్ల ఇతరులకు జరిగే నష్టానికి బీమా) మాత్రమే ఉంటే వరద నష్టానికి ఏమీ రాదు. ఓన్ డ్యామేజ్ (మీ సొంత కారుకు జరిగే నష్టానికి బీమా) కూడా కలిసి ఉంటే వస్తుంది. అయితే ఇంజిన్ విషయంలో ఒక చిక్కుంది. నీళ్లు చేరిన ఇంజిన్‌ను స్టార్ట్ చేస్తే లోపలి కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి, ఆ నష్టాన్ని వరద వల్ల కాక స్టార్ట్ చేయడం వల్ల జరిగినదిగా లెక్కించి, ఇంజిన్ ప్రొటెక్ట్ యాడ్ ఆన్ (ఇంజిన్ నష్టానికి అదనంగా తీసుకునే రక్షణ) లేనివారి క్లెయిమ్‌లో ఆ మేరకు కంపెనీలు సాధారణంగా తిరస్కరిస్తాయి. కనుక ఎవరు ఎంత చెప్పినా తాళం తిప్పకండి. నీటి మట్టం గుర్తులు కనిపించేలా ఫోటోలు తీసి, బీమా కంపెనీకి వెంటనే తెలియజేసి, కారును టోయింగ్ ద్వారానే గ్యారేజీకి చేర్చండి. నష్టాన్ని అంచనా వేయడానికి బీమా కంపెనీ పంపే సర్వేయర్ చూడకముందు విప్పనివ్వకండి. రిపేరు ఖర్చు ఐడీవీలో (పాలసీలో రాసిన కారు విలువలో) 75 శాతం దాటితే పూర్తి నష్టంగా పరిష్కరిస్తారు, అప్పుడు మీరు రిపేరుకు అప్పు చేయవలసిన అవసరమే ఉండదు.

అప్పటికీ డబ్బు తక్కువైతే ఎఫ్‌డీని రద్దు చేయకుండా దానిపైనే లోన్ తీసుకోండి. బ్యాంకులు సాధారణంగా ఎఫ్‌డీ వడ్డీ కంటే ఒకటి రెండు శాతం మాత్రమే ఎక్కువ తీసుకుంటాయి కాబట్టి, పర్సనల్ లోన్‌తో పోలిస్తే అది చాలా చవక.

ఇంటి బీమా మీకు తప్పకుండా అవసరమని నా గట్టి అభిప్రాయం. బేగంపేటలో 2000 ఆగస్టు 24న ఒక్కరోజులో సుమారు 24 సెంటీమీటర్లు, 2020 అక్టోబరు 13న సుమారు 19 సెంటీమీటర్ల వాన కురిసింది. గొలుసుకట్టు చెరువులూ నాలాలూ ఇరుకైపోయిన నగరంలో అంతటి వాన అక్కర్లేదు, సాయంత్రం గంటన్నర కురిసినా దిగువ కాలనీలు మునుగుతాయి. 2021 ఏప్రిల్ నుంచి బీమా కంపెనీలు విక్రయిస్తున్న ‘భారత్ గృహ రక్ష’ అనే ప్రామాణిక పాలసీలో వరద నష్టం కలిసే ఉంటుంది. బీమా మొత్తాన్ని ఫ్లాటు మార్కెట్ ధరతో కాక, తిరిగి కట్టడానికయ్యే ఖర్చుతో లెక్కించాలి: కార్పెట్ ఏరియా 1,000 చదరపు అడుగులు, అడుగుకు 2,500 రూపాయలు అనుకుంటే 25 లక్షలు. అందులో 20 శాతం, అంటే 5 లక్షల వరకు ఇంట్లోని సామానుకు రక్షణ దానంతటదే వస్తుంది (గరిష్ఠ పరిమితి 10 లక్షలు). నగలకు మాత్రం విడిగా తీసుకోవాలి.

ఒక్క మాట. లోన్ ఇచ్చినప్పుడు బ్యాంకు మీ చేత తీసుకునేలా చేసిన బీమా ఏమిటో కాగితాలు వెతికి చూడండి. చాలామంది ఇంటి బీమా అనుకునేది నిజానికి రుణగ్రహీత మరణిస్తే బాకీ తీర్చే జీవిత బీమా, దానికీ వరదకూ సంబంధం లేదు. ఒకవేళ భవనానికి బీమా ఉన్నట్టు తేలితే, తడిసిన ఫ్రిజ్‌నూ మంచాలనూ పారేయకముందే బ్యాంకుకూ బీమా కంపెనీకీ ఈరోజే రాతపూర్వకంగా తెలియజేయండి.