చేర్యాల కుంచెతో హోంగ్‌ట్సున్‌కు

ప్రశ్న: మాది హన్మకొండ. చేర్యాల నకాషీ బొమ్మలు వేస్తాను. ఏప్రిల్‌లో షాంఘైలో ఉన్న మా అక్క దగ్గరికి పోతున్నాను. చిత్రకారులు ఎక్కువగా వెళ్లే హోంగ్‌ట్సున్ అనే పాత ఊళ్లో నాలుగు రోజులు ఉండి బొమ్మలు వేసుకోవాలని ఉంది. ఎట్లా వెళ్లాలి, ఏం పట్టుకపోవాలి? - ఒక పాఠకురాలు

జవాబు: తప్పకుండా వెళ్లండి. చైనాలోని అన్‌హుయీ రాష్ట్రంలో ఉన్న ఈ ఊరిని, దగ్గర్లోని శీడీ అనే మరో ఊరిని కలిపి 2000లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. షాంఘై హోంగ్‌చియావ్ స్టేషన్ నుంచి హైస్పీడ్ రైలెక్కి హువాంగ్‌షాన్ నార్త్‌లో దిగి, అక్కడ బస్సు పట్టుకోవాలి. ఉత్త 'హువాంగ్‌షాన్' పేరుతో పాత స్టేషన్ వేరే ఉంది, అదే పేరుతో కొండ కూడా ఉంది. టికెట్ తీసేటప్పుడు చాలామంది తికమకపడేది ఇక్కడే. రైలెక్కాలంటే పాస్‌పోర్టు చేతిలో ఉండాలి.

డబ్బు సంగతి ఇండియాలో ఉన్నప్పుడే చూసుకోండి. చైనాలో చెల్లింపులకు వాడే అలీపే యాప్‌లో వీసా లేదా మాస్టర్‌కార్డు జోడించి, బ్యాంకులో అంతర్జాతీయ చెల్లింపులు తెరిపించండి. ఓటీపీ మీ ఇండియా నంబరుకే వస్తుంది కాబట్టి రోమింగ్ లేకపోతే పని ఆగిపోతుంది.

ఏప్రిల్ మొదటివారంలో చింగ్‌మింగ్ (పెద్దల సమాధులను దర్శించే పండుగ) సెలవులు, మే 1 నుంచి కార్మిక దినోత్సవ సెలవులు. ఆ రోజుల్లో కుంచె కాదు గదా, కాలు పెట్టే సందు కూడా దొరకదు. మధ్యలో వెళ్లండి, ఊళ్లోనే బస చేయండి. ఊరి నడుమ అర్ధచంద్రాకారపు చెరువు ఉంది. తెల్లగోడలు, నల్ల పెంకులు అందులో తేటగా కనిపించేది టూరిస్టు బస్సులు రాకముందే. ఎవరి గడప ముందైనా కూర్చునేముందు అడగండి, ఆ ఇళ్లలో మనుషులు కాపురం ఉంటున్నారు.

ఇక అసలు సంగతి కాగితం. మీరు ఖాదీ గుడ్డకు సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు పూసి వేస్తారు కాబట్టి రంగు పైపైనే నిలుస్తుంది. అన్‌హుయీలో తయారయ్యే షువాన్ కాగితం, అంటే చైనా చిత్రకారులు సిరాతో బొమ్మలు వేసే కాగితం, అట్లా కాదు. 'షెంగ్' రకం అంటే పచ్చిది: కుంచె ఆనించి ఆగితే చాలు, గీత చుట్టూ సిరా మబ్బులా పాకుతుంది. 'షూ' అంటే ఉడికింది: దానికి పటిక, జిగురు పట్టించి ఉంటాయి, గీత పెట్టినచోటే ఉంటుంది. మీ సన్నగీతలకు షూ రకమే అడగండి. కొనేముందు ఓ మూల నీటిచుక్క వేయించి చూడండి. చుక్క నిలబడితే అదే షూ, పీల్చుకుంటే షెంగ్. తెల్లగోడకు రంగు వేయకండి, కాగితం తెలుపునే వదిలేయండి. చివర్లో తెలుపు దిద్దుకుందామనుకుంటే ఇక్కడ కుదరదు.

వసంతంలో అక్కడ వానలు, చెమ్మ ఎక్కువ. మొదటి పూత ఆరకముందే రెండోది వేస్తే రెండూ కలిసి బురదవుతాయి. రెండుమూడు బొమ్మలు ఒకేసారి మొదలుపెట్టి మార్చి మార్చి వేసుకోండి. కాగితాన్ని మడవకండి, చుట్టి ప్లాస్టిక్ గొట్టంలో పెట్టండి.

సిరాకడ్డీ (నీళ్లతో అరగదీసి సిరా చేసుకునే కడ్డీ) కొంటే, అరగదీశాక తడి తుడిచి నీడన ఆరనివ్వండి. అది మసిని జంతువుల జిగురుతో కలిపి చేసింది. మన వరంగల్ మే ఎండకు వదిలేస్తే నిలువునా పగులుతుంది, చెక్కపెట్టెలో దాచండి.