సైన్స్ ఫిక్షన్‌తో పాటు అన్ని రకాలూ రాస్తానంటోంది!

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ రెండో ఏడాది చదువుతోంది. ఫిజిక్స్ ప్రధాన సబ్జెక్టు. సైన్స్ ఫిక్షన్ నవలలు రాయడమే కెరీర్‌గా ఎంచుకుంటానంటోంది. దాంతో పాటు డిటెక్టివ్, హారర్, పిల్లల నవలలూ రాస్తుందట. చదువు మానేసి పూర్తిగా రాతకే కూర్చుంటానని పట్టుబడుతోంది. ఇందులో బతుకుతెరువు ఉంటుందా? కోర్సులేమైనా ఉన్నాయా? - ఓ తండ్రి

జవాబు: డిగ్రీ మాత్రం మాననివ్వకండి. నవలలు రాసేవారిలో ఎక్కువమంది మరో ఉద్యోగం చేసుకుంటూ రాసేవారే. 2015లో సైన్స్ ఫిక్షన్‌కు ఇచ్చే హ్యూగో అవార్డు గెలిచిన చైనా రచయిత ల్యూ సిషిన్ ఓ విద్యుత్ కేంద్రంలో కంప్యూటర్ ఇంజినీరుగా పనిచేస్తూ రాశారు. అమెరికా సైన్స్ ఫిక్షన్ రచయిత ఐజాక్ అసిమోవ్ 1958 వరకు బయోకెమిస్ట్రీ పాఠాలు చెబుతూనే రాశారు. పైగా ఈ రంగంలో ఫిజిక్స్ నేరుగా అక్కరకొస్తుంది. భూమి నుంచి అంగారకుడికి సందేశం చేరడానికి గ్రహాల దూరాన్ని బట్టి సుమారు 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది. ఆ రెండు గ్రహాల మనుషులు ఫోన్లో ఎదురెదురుగా మాట్లాడుకున్నట్టు రాస్తే తెలిసిన పాఠకుడు పుస్తకం పక్కన పెట్టేస్తాడు. అదే ఆలస్యాన్ని కథకు చిక్కుముడిగా వాడుకోగలిగితే అతన్ని చివరిదాకా చదివించొచ్చు.

ఇక రకరకాల నవలల సంగతి. ఇలాంటి ఉత్సాహం ఉన్నవాళ్లు సాధారణంగా 30 వేల పదాల దగ్గర ఆగిపోతారు. మొదట్లో ఉన్న ఊపు అక్కడికి తగ్గుతుంది, ముగింపు ఇంకా కనుచూపు మేరలో ఉండదు. సరిగ్గా అప్పుడే మరో రకం కథ ఊరిస్తుంది. దాని వెంట వెళ్తే కొన్నేళ్లకు చేతిలో సగం సగం నవలలే మిగులుతాయి. కొత్త ఆలోచన వచ్చినప్పుడు ఒక పేజీలో రాసి పెట్టుకుని, పాత నవల తొలి ప్రతి పూర్తయ్యేదాకా దాన్ని ముట్టుకోకూడదు. రాసిన అధ్యాయాలనే పదే పదే దిద్దడం, కల్పిత లోకం గురించి వందల పేజీల నోట్సు పోగేయడం కూడా పని తప్పించుకునే దారులే. రోజుకు 500 పదాల చొప్పున వారానికి ఐదు రోజులు రాస్తే 40 వారాల్లో లక్ష పదాలవుతాయి. చదువుకుంటూ కూడా ఇది సాధ్యమే. తిరగరాయడానికి మరో అంత సమయం పడుతుందనుకోండి.

లక్ష అని ఊరికే అనలేదు. కొత్త రచయిత సైన్స్ ఫిక్షన్ నవల 90 వేల నుంచి లక్షా పది వేల పదాల మధ్య ఉంటే ప్రచురణకర్తలకు అనువు. డిటెక్టివ్ నవలకు 70-90 వేలు చాలు. పిల్లల నవల ఇంకా చిన్నది. (ఈ లెక్కలు ఆంగ్లానివి. విభక్తులు పదాల్లోనే కలిసిపోయే తెలుగులో అదే కథ తక్కువ పదాల్లో ముగుస్తుంది.)

అన్ని రకాలూ ప్రయత్నించాలంటే కథలే సరైన చోటు. హ్యూగో, నెబ్యులా అవార్డుల లెక్కలో 7,500 పదాల లోపుది కథ, 40 వేలు, ఆపైన ఉంటే నవల. మూడు నాలుగు వేల పదాల్లో ఒక హారర్, ఒక డిటెక్టివ్, ఒక పిల్లల కథ రాసి చూస్తే తన చేయి ఎక్కడ తిరుగుతుందో తెలుస్తుంది. ఒక్కో రకానిదీ ఒక్కో షరతు. భవిష్యత్తులో జరిగే హత్య కథ రాస్తే, అక్కడి యంత్రాలు ఏం చేయగలవో, ఏం చేయలేవో చిక్కుముడి విప్పకముందే చెప్పి తీరాలి. చివరి అధ్యాయంలో కొత్త పరికరం తెచ్చి హంతకుణ్ని పట్టిస్తే అది మోసమే. హారర్‌లో ఇందుకు విరుద్ధం, వివరణ ఎక్కువైతే భయం చచ్చిపోతుంది. సైన్స్ ఫిక్షన్ అలవాటున్నవాళ్లు హారర్‌లో తడబడేది ఇక్కడే.

పూర్తయిన కథల్ని పత్రికలకు పంపాలి. ఆంగ్లంలో రాస్తే అనలాగ్, అసిమోవ్స్, క్లార్క్స్‌వరల్డ్, స్ట్రేంజ్ హొరైజన్స్ వంటివి పారితోషికం ఇస్తాయి. అమెరికా సైన్స్ ఫిక్షన్ రచయితల సంఘం ఎస్ఎఫ్‌డబ్ల్యూఏ 2019లో వృత్తి స్థాయి పారితోషికాన్ని పదానికి 8 సెంట్లుగా నిర్ణయించింది. పంపే ముందు నిబంధనలు చదవాలి. ఒకే కథను ఒకేసారి రెండు చోట్లకు పంపడాన్ని చాలా పత్రికలు ఒప్పుకోవు. సొంత బ్లాగులో పెట్టిన కథను అచ్చయినట్టే లెక్కిస్తారు, కాబట్టి పంపదలచిన కథను ముందే అక్కడ పెట్టొద్దు. ఏఐతో రాయించి పంపడం మరీ ప్రమాదం. 2023 ఫిబ్రవరిలో అలాంటి కథలు వెల్లువెత్తడంతో క్లార్క్స్‌వరల్డ్ కొన్నాళ్లు కథలు తీసుకోవడమే ఆపేసింది. తిరిగొచ్చిన కథను అదే వారంలో మరో పత్రికకు పంపేయాలి. ఏ కథ ఎక్కడ ఉందో రాసుకోవడానికి ఒక పట్టిక చాలు.

రచయిత తరఫున ప్రచురణకర్తలతో బేరం కుదిర్చే ఏజెంటును వెతుక్కోవడం నవల మొత్తం పూర్తయ్యాకే. ఒక పేజీ పరిచయ లేఖ, కథాసారం, మొదటి అధ్యాయాలు అడుగుతారు. ఏజెంటు వాటా రచయిత ఆదాయంలో సాధారణంగా 15 శాతం, విదేశీ హక్కుల మీద 20 శాతం. చదవడానికి ఫీజు అడిగేవాళ్లనూ, అచ్చు వేయడానికి ఎదురు డబ్బు అడుగుతూ ప్రచురణకర్తలమని చెప్పుకునేవాళ్లనూ దరిచేరనివ్వకండి. ప్రచురణకర్త ముందుగా ఇచ్చే అడ్వాన్సు ఒకేసారి రాదు. ఒప్పందం సంతకానికి కొంత, రాతప్రతి ఆమోదించాక కొంత, విడుదలకు కొంత ఇస్తారు. ఆ అడ్వాన్సు అమ్మకాల్లో తీరిన తర్వాతే రాయల్టీ (అమ్మకాల్లో రచయిత వాటా) మొదలవుతుంది. పెద్ద సంస్థలు ఈ-బుక్ మీద తమకొచ్చిన మొత్తంలో 25 శాతం ఇవ్వడం మామూలు. కాబట్టి దీన్ని నెల జీతంలా లెక్కేసుకోలేరు.

చాలా రకాలు రాసేవాళ్లను ఒప్పందాలే ఎక్కువ ఇబ్బంది పెడతాయి. 'తర్వాతి పుస్తకం ముందు మాకే చూపాలి' అనే ఆప్షన్ నిబంధనను 'ఇదే పేరుతో రాసే తర్వాతి సైన్స్ ఫిక్షన్ నవల' అని కుదించమనాలి. లేకపోతే పిల్లల నవల కూడా వాళ్ల బల్ల మీదే ఇరుక్కుంటుంది. 'పోటీ రచన చేయరాదు' అనే నిబంధన ఉంటే తీసేయించాలి, కుదరకపోతే పరిధి తగ్గించాలి.

పేరు విషయమూ ముందే ఆలోచించుకోవాలి. గత పుస్తకం ఎన్ని ప్రతులు అమ్ముడైందో చూసి దుకాణాలు తర్వాతి దానికి ఆర్డరిస్తాయి. ఒకే పేరుతో రాసిన హారర్ నవల దెబ్బతింటే తర్వాతి సైన్స్ ఫిక్షన్‌కూ ఆర్డర్లు తగ్గొచ్చు. స్కాట్లాండ్ రచయిత ఇయాన్ బ్యాంక్స్ సైన్స్ ఫిక్షన్‌ మీద మాత్రం 'ఇయాన్ ఎం. బ్యాంక్స్' అని వేసుకున్నారు. పాఠకులకు తేడా తెలిసింది, రచయిత ఎవరో దాచలేదు. పూర్తిగా వేరే పేరు పెడితే పాఠకుల్ని మళ్లీ మొదటినుంచి కూడగట్టుకోవాలి. పిల్లల నవలలూ, గగుర్పాటు కలిగించే హారరూ రాసేట్టయితే ఆ కష్టం తప్పదు. ఒక తల్లి పొరపాటున తన బిడ్డకు హారర్ కొనిచ్చే పరిస్థితి రానివ్వకూడదు. నా సలహా అడిగితే, మొదటి రెండు మూడు పుస్తకాలు ఒకే రకంలో ఒకే పేరుతో వచ్చాకే రెండో రకానికి వెళ్లడం మంచిది.

కోర్సులంటారా? డిగ్రీ స్థాయి సృజనాత్మక రచనా కోర్సు తప్పనిసరి కాదు. ఈ రంగంలో పేరున్నవి అమెరికాలో 1968లో మొదలైన క్లారియన్, సియాటెల్‌లోని క్లారియన్ వెస్ట్ వర్క్‌షాపులు. ఆరు వారాలు, కొద్దిమంది విద్యార్థులే. ఎంపిక ప్రధానంగా పంపిన రచనల మీదే ఆధారపడుతుంది, మార్కుల జాబితాలతో పనిలేదు. డిగ్రీ ముగిసేలోగా కనీసం ఆరు కథలు పూర్తిచేసి, వాటిలో మెరుగైన వాటితో దరఖాస్తు చేయమనండి.