నాన్న మిషన్‌కి నామినేషన్ రాసేముందు

చి. అమ్మడికి,

గుంటూరు నుంచి మావయ్య ఆశీస్సులు. మీ నాన్న చేసిన మిరపకాయ తొడిమలు తీసే మిషన్‌కి అవార్డు ఇమ్మని నువ్వు రాసి పంపిన నామినేషన్ చదివాను. మూడు పేజీల్లోనూ మీ నాన్న మీద ప్రేమ కనపడింది గానీ మిషన్ కనపడలేదు. "అపర విశ్వకర్మ", "ఆటోనగర్ ముద్దుబిడ్డ" లాంటివి కొట్టెయ్. పాలిటెక్నిక్‌లో పనిచేసినన్నాళ్లూ ఇలాంటి దరఖాస్తులు వడగట్టే కమిటీల్లో కూర్చున్నవాణ్ణి. కట్టలు కట్టలుగా వస్తాయి. ఏ పని, అంతకుముందు ఎవరు ఎలా చేసేవాళ్లు, ఇప్పుడేం మారింది అనేది మొదటి పేరాలో లేకపోతే చెయ్యి తర్వాతి ఫైలు మీదికి పోతుంది. పద్మ పురస్కారాలకే 800 మాటలు మించనివ్వరు, మనకి మూడు పేజీలెందుకు?

మిరపకాయతో మొదలుపెట్టు. గోడౌన్లలో ఆడవాళ్లు రోజంతా కింద కూర్చుని తొడిమలు తీస్తారు. సాయంత్రానికి చేతులు భగ్గున మండుతుంటాయి, ఆ చేత్తో పసివాడి మొహం కడగడానికి కూడా లేదు. ఇది రాస్తే చాలు, విశేషణాలక్కర్లేదు.

తర్వాత లెక్క. "చాలా వేగంగా తీస్తుంది" అంటే ఎవరూ నమ్మరు. మిరప రకాల్లో తేజ ఒక టిక్కీ (బస్తా), 334 ఒక టిక్కీ తెప్పించి తూకం వేసి మిషన్‌లో పొయ్యండి. గంటకెన్ని కిలోలు, నూటికెన్ని కాయలకి తొడిమ మిగిలింది, ఎన్ని విరిగాయి, అడుగున ఎంత గింజ రాలింది, అన్నీ రాసుకో. బాగా ఎండిన సరుక్కీ, కాస్త చెమ్మున్న సరుక్కీ విడివిడిగా చూడండి. విరిగిన కాయ ఎక్కువుంటే వ్యాపారి ధర కోస్తాడు. ఆ అంకె నువ్వు దాచినా, కమిటీలో గుంటూరువాడు ఒకడుంటే మొదట అడిగేది అదే. ఇంకోమాట, కొలిచేటప్పుడు మీ నాన్నని స్విచ్ దగ్గరికి రానివ్వకు. చేసినవాడి చేతిలో ఏ మిషనైనా బుద్ధిగానే నడుస్తుంది. తెలిసిన వ్యాపారి గోడౌన్లో, వాళ్ల మనిషి నడిపినప్పుడు వచ్చిందే లెక్క.

కానీ దానికంటే ముందు పేటెంట్ సంగతి తేల్చండి. మీ తమ్ముడు వీడియో తీసి యూట్యూబ్‌లో పెడతానంటున్నాడట, ఆపు. పేటెంట్ అర్జీ పెట్టకముందే ఊరంతా చూస్తే అది కొత్తది కాదని తిప్పికొట్టొచ్చు. ముందు ప్రొవిజనల్ స్పెసిఫికేషన్, అంటే మిషన్ గురించి తాత్కాలిక వివరణ, పెట్టండి, మన రాష్ట్రానికి చెన్నై పేటెంట్ ఆఫీసు. మామూలు మనిషి ఆన్‌లైన్లో పెడితే ఫీజు 1,600 రూపాయలు. అక్కణ్ణుంచి 12 నెలల్లో పూర్తి స్పెసిఫికేషన్ ఇవ్వాలి, గడువు దాటితే అర్జీ పోయినట్టే. అవార్డు ఈ ఏడు కాకపోతే వచ్చేసారి అడగొచ్చు. ఇది అలా కాదు.

అవార్డు ఇచ్చేవాళ్లు ఏం చూస్తారని అడిగావు. జాన్ స్కాట్ అవార్డు సంగతి చెబుతాను. ఆయన ఎడిన్‌బరోలో మందుల వ్యాపారి. పనికొచ్చే వస్తువులు కనిపెట్టిన మగవాళ్లకీ ఆడవాళ్లకీ బహుమతులివ్వమని ఎక్కడో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరానికి 4,000 డాలర్లు రాసిపోయాడు. 1816 నుంచి లెక్కేస్తే రెండొందల ఏళ్లు దాటింది. మొదట్లో ఇచ్చింది ఒక రాగి పతకం, 20 డాలర్లకి మించని సొమ్ము, అంతే. 1921లో మేరీ క్యూరీకి, 1934లో టెస్లాకి, 1944లో పెన్సిలిన్ ఫ్లెమింగ్‌కి ఇచ్చారు. వాళ్లు చూసేది ఆ పనివల్ల మనుషుల సుఖం, క్షేమం, సంతోషం పెరిగాయా అని. మన కమిటీల్లోనూ చివరికి తేలేది అక్కడే.

నీ కాగితంలో నాకు నచ్చనిది కూడా ఇక్కడే ఉంది. "పదిమంది కూలీల పని ఒక్క మిషన్ చేస్తుంది" అని గొప్పగా రాశావు. ఆ పదిమందీ ఏమైపోవాలమ్మా? చింతకింది మల్లేశం చీరల నేతకి దారం ఆసు పోసే యంత్రం చేసింది వాళ్లమ్మ భుజాల నొప్పి చూడలేక. అది ఇంటి పని, నొప్పి తగ్గితే ఇల్లంతటికీ లాభం. 2017లో పద్మశ్రీ వచ్చింది. తొడిమ తీత అలా కాదు, కిలో లెక్కన కూలి. మిషన్ దగ్గర కాయ పోసేది, తాలు (రంగు పోయిన కాయ) ఏరేది ఆ ఆడవాళ్లేనా? వాళ్లకి రోజుకెంత ముడుతుంది? గోడౌన్‌కి వెళ్లి వాళ్లనే అడుగు, వాళ్ల మాటల్లోనే రాయి, సంతకమో వేలిముద్రో తీసుకో. జవాబు బాగా రాకపోయినా రాయి. ఎమ్మెల్యే సిఫార్సు లేఖ కంటే ఆ కాగితానికే నేను మార్కులేసేవాణ్ణి.

గాంధీనగర్‌లోని నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్‌కి కూడా పంపు. చదువు, సంస్థల అండ లేకుండా సొంతంగా చేసినవాళ్ల కోసమే 2000లో పెట్టారు దాన్ని. కాబట్టి మీ నాన్న పదో తరగతి తప్పిన సంగతి దాచకు. మోటారు అమరికలో ఇంజినీరింగ్ కాలేజీ కుర్రాడు సాయం చేశాడుగా, ఆ మాట కూడా రాయి.

ఆదివారం వచ్చేటప్పుడు మీ నాన్న కొలతలు రాసుకున్న పాత నోట్‌బుక్కులు తీసుకురా. ఫెయిర్ కాపీ చెయ్యొద్దు, నాకు అందులో తేదీలు కావాలి.

మావయ్య